ఆ హోటల్ ఎక్కడుంది సార్?

అందరికీ నమస్కారం.

ఇందాక బయట టీ తాగుతుంటే ఒక కుర్రాడు వచ్చి, "సార్, ఇంతకీ 'హోటల్ కాలిఫోర్నియా' పాటలో ఉన్న ఆ హోటల్ ఎక్కడుంది?" అని అడిగాడు. లోపలికి రా, చెబుతానన్నాను. వచ్చాడో లేదో... ఆఁ, అదిగో, మూడో వరసలో ఉన్నాడు. చూడు నాయనా, నీకు కావాలంటే ఆ హోటల్‌కి నాలుగు అడ్రసులు ఇవ్వగలను. నాలుగింటికీ సాక్ష్యాలు చూపించేవాళ్లున్నారు. నాలుగూ తప్పే. ఇవాళ నేను మాట్లాడేది ఎక్కువగా ఆ తప్పుడు అడ్రసుల గురించే.

పాట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 'హోటల్ కాలిఫోర్నియా' అమెరికాకు చెందిన ఈగల్స్ అనే రాక్ బ్యాండ్ పాట. అదే పేరున్న ఆల్బమ్‌లో 1976 డిసెంబరులో వచ్చింది. 1977 మే నెలలో, అమెరికాలో పాటలకు ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ పట్టికలో ఒక వారం మొదటి స్థానంలో ఉంది. మరుసటి ఏడాది గ్రామీ అవార్డు అందుకుంది. నిడివి ఆరున్నర నిమిషాలు. మూడు, మూడున్నర నిమిషాలు దాటిన పాటను వేయాలంటే రేడియోవాళ్లు జంకే రోజులవి.

ఇక కథ. ఒకడు రాత్రిపూట ఎడారి రోడ్డు మీద బండి నడుపుకుంటూ పోతుంటాడు. తల బరువెక్కుతుంది, చూపు మసకబారుతుంది. దూరంగా ఒక దీపం కనిపిస్తుంది. గుమ్మంలో ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది, ఎక్కడో గంట మోగుతుంది. ఇది స్వర్గమో నరకమో అనుకుంటూనే లోపలికి పోతాడు. ఆమె కొవ్వొత్తి వెలిగించి దారి చూపిస్తుంది. లోపల మాటలు వినిపిస్తుంటాయి, పెరట్లో ఆడుతుంటారు. వైన్ తెమ్మంటే, ఆ సరుకు 1969 నుంచి ఇక్కడ లేదంటారు. చివర్లో విందు. అందరూ కత్తులతో ఒక మృగాన్ని పొడుస్తుంటారు, అది చావదు. వీడు హడలిపోయి గుమ్మం వైపు పరిగెడతాడు. కాపలావాడు తాపీగా చెబుతాడు: గది ఎప్పుడు కావాలంటే అప్పుడు ఖాళీ చెయ్యొచ్చు, ఇక్కణ్ణించి వెళ్లిపోవడం మాత్రం నీ వల్ల కాదు.

అంతే. ఆ తర్వాత రెండు నిమిషాల పైన గిటార్లే.

నేనీ పాట మొదటిసారి విన్నది 1995లో, వరంగల్‌లో ఇంజినీరింగ్ చదువుతూ. మా హాస్టల్ ఫ్లోర్‌కంతా కలిపి ఒక్కటే టేప్ రికార్డర్. ఎవరిదో అన్నయ్య అమెరికా నుంచి పంపిన క్యాసెట్. ఇంటర్నెట్ లేదు కాబట్టి పాట రాసుకోవాలంటే వింటూ, ఆపుతూ, వెనక్కి తిప్పుతూ రాసుకోవాల్సిందే. మొదటి చరణంలోనే 'కొలీటాస్' అనే మాట వస్తుంది. దాని వాసన గాలిలో తేలివస్తోందంటాడు. డిక్షనరీలో దొరకలేదు. ఏదో పువ్వయి ఉంటుందని, మన సంపెంగ లాంటిదని తీర్మానించేశాం. అది స్పానిష్ మాట. 'చిన్న తోకలు' అని అర్థం. గంజాయి మొగ్గలకు వాడుకలో ఉన్న పేరని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మా సంపెంగ అలా వాడిపోయింది. (నవ్వులు)

మా గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. ఒకడికి అది దెయ్యాల కథ. ఒకడికి మత్తుమందు పాట. మూడోవాడు ఇంగ్లీషు మీడియం. వాడు "ఇది క్యాపిటలిజం మీద విమర్శరా" అనేవాడు. ఆ మాట అన్నాడని వాడికి మేం రెండ్రోజులు టీ ఇప్పించలేదు. ఇప్పుడు చూస్తే పాట రాసినవాడు చెప్పిన దానికి దగ్గరగా వచ్చింది వాడే.

సరే, అడ్రసులకు వద్దాం.

మొదటిది శాన్‌ఫ్రాన్సిస్కో. అక్కడ ఆంటన్ లావే అనే ఆయన 1966లో 'చర్చ్ ఆఫ్ సేటన్' పెట్టాడు. ఇల్లంతా నల్లరంగు వేసుకుని ఉండేవాడు. ఆ ఇల్లున్న వీధి పేరు కాలిఫోర్నియా స్ట్రీట్! ఆయన రాసిన సైతాను బైబిలు అచ్చయింది 1969లో. పాటలోనూ 1969 ఉంది. ఇంకేం కావాలి? పైగా ఆల్బమ్ అట్ట తెరిస్తే లోపల ఒక హోటల్ లాబీ ఫోటో ఉంటుంది. నిండా జనం, పైన బాల్కనీలో ఎవరిదో మసక ఆకారం. అది లావేనే అన్నారు జనం. ఆ ఫోటో హాలీవుడ్‌లోని లిడో అనే పాత హోటల్లో తీసింది. పైన ఉన్నది ఫోటో కోసం పిలిపించిన ఒక మహిళ అని తర్వాత వివరణ వచ్చింది. ఎవరూ నమ్మలేదు. దెయ్యాన్ని చూశానన్నవాడికి అది ఆరేసిన పంచె అని చెబితే నమ్ముతాడా?

రెండో అడ్రసు కామరిల్లో. లాస్ ఏంజిలిస్ దగ్గర ఊరు. 1997లో మూతపడే దాకా అక్కడ పెద్ద ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉండేది. పాత స్పానిష్ పద్ధతిలో కట్టిన భవనాలు, గంటగోపురం. పోయినవాడు తిరిగి రాడు కాబట్టి పాట దాని గురించే అన్నారు. మూడోది మెక్సికోలో, బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పంలో తోడోస్ సాంతోస్ అనే ఊరు. అక్కడ నిజంగానే ఆ పేరుతో ఒక హోటల్ ఉంది. 1950లో మొదలైంది. ఎడారి రోడ్డు ఉంది, ఊళ్లో మిషన్ చర్చి ఉంది, దానికి గంట కూడా ఉంది. జనం వెళ్లి ఫోటోలు దిగుతారు. చివరికి 2017లో ఈగల్స్ వాళ్లు ఆ హోటల్ మీద లాస్ ఏంజిలిస్ కోర్టులో దావా వేశారు, మా పాటతో సంబంధం ఉందని జనాన్ని నమ్మిస్తున్నారని. 2018లో రాజీ కుదిరింది. నాకీ కేసు చాలా ఇష్టం. పాటకు అర్థం ఏమిటో కోర్టు తేల్చలేదు. ఏది కాదో చెప్పమని మాత్రం పాటగాళ్లే కోర్టుకెక్కారు.

నాలుగోది అట్ట మీద ఉన్న భవనం. సూర్యాస్తమయం, తాటిచెట్లు, గోపురం. అది బెవర్లీ హిల్స్ హోటల్. ఫోటో తీసింది డేవిడ్ అలెగ్జాండర్, అట్ట డిజైన్ చేసింది జాన్ కోష్. పగలు చూస్తే గులాబీ రంగులో ముద్దుగా ఉండే హోటల్. దాన్నే పొద్దుగుంకే వేళ, చెట్ల మీదుగా, క్రేన్ లాంటి బండి ఎక్కి తీశారు కాబట్టి అలా గుబులుగా కనిపిస్తుంది. అది అట్టకు దొరికిన బొమ్మ మాత్రమే, పాటలో ఉన్న ఇల్లు అది కాదు.

ఈ అడ్రసులన్నీ వెతికినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. వీళ్లు పాటను పొడుపు కథలా విన్నారు, అదీ తేడా. పొడుపు కథకి విడుపు ఒక్కటే ఉంటుంది. దొరికిందా, ఆట అయిపోయింది. "కిటకిట తలుపులు కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు", కళ్లు! అయిపోయింది. మళ్లీ ఆ తలుపుల గురించి ఎవరూ ఆలోచించరు. హోటల్ అంటే పిచ్చాసుపత్రి అని తేలిందనుకోండి, ఆ కొవ్వొత్తి ఎందుకు, ఆ మృగం ఎందుకు, వైన్ గొడవ ఎందుకు? అవి ఇక అక్కర్లేదు. వాటిని విననే అక్కర్లేదు.

వైన్ అన్నాను కదా. అక్కడ కొంచెంసేపు ఆగుతాను, నాకు ఇష్టమైన చోటు అది. వైన్ అడిగితే "ఆ స్పిరిట్ 1969 నుంచి లేదు" అంటాడు. స్పిరిట్ అంటే సారా, స్పిరిట్ అంటే ఆత్మ, స్ఫూర్తి కూడా. 2009లో క్లీవ్‌లాండ్ పత్రిక విలేఖరి ఒకాయన, పాట రాసినవాళ్లలో ఒకడైన డాన్ హెన్లీని పట్టుకుని అడిగాడు. అయ్యా, వైన్ పులియబెట్టేది, స్పిరిట్ బట్టీ పెట్టేది, మీరు రెండూ కలిపేశారు, ఆ లైను రాసినందుకు చింతిస్తున్నారా అని. మన దగ్గర ఈ సందేహం ఎవరికీ రాదు. కల్లు చెట్టు నుంచి దిగుతుంది, సారా బట్టీ నుంచి దిగుతుంది, మా జనగామ వైపు పిల్లలకు కూడా తెలుసు. హెన్లీకి తిక్క లేచింది. ఆ తేడా నాకూ తెలుసు, నువ్వు లైనులో ఉన్న అసలు సంగతి వదిలేశావు, అది మద్యం గురించిన మాట కాదు, సమాజం గురించిన మాట అన్నాడు.

1969 అమెరికాలో మామూలు ఏడాది కాదు. ఆగస్టులో ఉడ్‌స్టాక్ సంగీతోత్సవం. లక్షల మంది కుర్రకారు బురదలో కూర్చుని, శాంతి, ప్రేమ అంటూ పాటలు విన్నారు. అదే ఆగస్టులో లాస్ ఏంజిలిస్‌లో చార్లెస్ మాన్సన్ అనేవాడి ముఠా చేసిన హత్యలు. డిసెంబరులో ఆల్టమాంట్ కచేరీలో, స్టేజీ ముందరే ఒక కుర్రాణ్ణి పొడిచి చంపారు. ఒక తరం నమ్మకం ఏ ఏడాది పండిందో ఆ ఏడాదే కుళ్లింది. ఆ పండగ పోయి ఏడేళ్లయ్యాక, డబ్బు, కొకైన్, పెద్ద కార్లు మిగిలిన చోట కూర్చుని రాసిన పాట ఇది. "ఆ సరుకు మా దగ్గర లేదు" అన్నది ఆ ఇంట్లో సర్వర్ చెప్పే మాట. అందులో ఏడుపు లేదు, స్టాకు లేదని చెప్పే గొంతే ఉంది. అందుకే నాకు ఆ లైను వింటే ఇప్పటికీ వెన్ను జలదరిస్తుంది.

మరి రాసినవాళ్లు ఏమన్నారు? హెన్లీ ఒకచోట, అమాయకత్వం నుంచి అనుభవం దాకా ప్రయాణమన్నాడు. 2007లో ఒక టీవీ కార్యక్రమంలో, అమెరికన్ కల అడుగున ఉన్న చీకటి గురించి, మితిమీరిన భోగం గురించి అన్నాడు. రాసినవాళ్లలో ఇంకొకడు, గ్లెన్ ఫ్రై, మరో రకంగా చెప్పాడు: అలసిన ప్రయాణికుడు, వింత మనుషులు, సినిమా షాట్ల లాగా ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంటూ పోయాం అన్నాడు. బాణీ మొదలుపెట్టిన డాన్ ఫెల్డర్ దగ్గర అడిగితే ఇంకా బాగుంటుంది. మాలిబు బీచ్‌లో అద్దె ఇంట్లో గిటార్ మీద వాయించి టేప్ చేసుకున్నప్పుడు దానికి మాటలే లేవు. మెక్సికన్ వాసన, జమైకా సంగీతమైన రెగే నడక ఉందని బ్యాండ్‌వాళ్లు దానికి పెట్టుకున్న తాత్కాలిక పేరు 'మెక్సికన్ రెగే'. కాబట్టి ఆ బాణీకి మొదట ఏ హోటలూ లేదు. ఎడారి తర్వాత వచ్చింది, దెయ్యాలు ఆ తర్వాత వచ్చాయి.

చిన్న చిలిపి పని కూడా ఒకటుంది. మృగాన్ని పొడిచే కత్తులకు వాడిన 'స్టీలీ' అన్న విశేషణం స్టీలీ డాన్ అనే తోటి బ్యాండ్‌కు కన్ను గీటడం. వాళ్లు అదే 1976లో తమ పాటలో ఈగల్స్ పేరు తెచ్చి ఆటపట్టించారు. ఇది వాళ్ల బదులు. దాని మీద సైతాను బలి అని పేజీలకు పేజీలు రాసినవాళ్లున్నారు. ఇలాంటివాళ్లను ఆటపట్టించడానికే, బీటిల్స్ అనే బ్రిటిష్ బ్యాండ్‌లోని జాన్ లెన్నన్ 1967లో, తను చదువుకున్న స్కూల్లో తమ పాటలకు అర్థాలు చెప్పిస్తున్నారని ఒక విద్యార్థి ఉత్తరం రాస్తే, కావాలని అర్థంపర్థం లేని లైన్లతో ఒక పాట కట్టాడు. ఇప్పుడు దానికీ అర్థాలు చెబుతున్నారనుకోండి!

ఇంకో సంగతి నాకు ముఖ్యమనిపిస్తుంది. కాలిఫోర్నియా మీద ఇంత పాట రాసి వాయించిన ఈ బృందంలో కాలిఫోర్నియాలో పుట్టినవాడు లేడు. హెన్లీ టెక్సాస్, ఫ్రై డెట్రాయిట్, ఫెల్డర్ ఫ్లోరిడా, రాండీ మైస్నర్ నెబ్రాస్కా, జో వాల్ష్ కాన్సస్. అందరూ పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లే. దూరం నుంచి దీపం చూసి వచ్చినవాళ్లు.

మా బావమరిది కాలిఫోర్నియాలోనే, ఫ్రీమాంట్‌లో ఉంటాడు. వెళ్లి పదిహేడేళ్లయింది, ఇంకా గ్రీన్‌కార్డు క్యూలోనే ఉన్నాడు. ఒక్కో దేశం వాళ్లకు ఏటా 7 శాతానికి మించి ఇవ్వరు కదా, మనవాళ్ల క్యూ కదలదు. ఒకసారి కారులో ఈ పాట వస్తుంటే, "బావా, ఇది ఈగల్స్ పాట కాదు, హెచ్‌వన్ వీసా పాట" అన్నాడు. నేను నవ్వాను. కాసేపాగి తనే, "తలుపుకు గొళ్లెం మాత్రం లేదు బావా. పిల్లల స్కూలు, ఇంటి లోను, నేనే పోలేకపోతున్నా" అన్నాడు. ఇంటికొచ్చి పాట మళ్లీ విన్నాను. పాటలో ఆమె సరిగ్గా ఆ మాటే అంటుంది. ఇక్కడున్న మనమంతా ఖైదీలమే, సంకెళ్లు మాత్రం మనం చేసుకున్నవే అని. కాపలావాడు కూడా తలుపు వేశానని చెప్పడు. ముప్ఫై ఏళ్లుగా వింటున్న పాటలో గొళ్లెం లేదని నాకు చూపించింది వీసా టెన్షన్‌లో ఉన్న మనిషి. 1976లో ఆ పాట రాసినవాళ్లకు హెచ్‌వన్ అంటే తెలియదు. అయినా ఈ అర్థాన్ని పాట కాదనదు.

ఇక్కడ మన అలంకారికులు, అంటే కవిత్వం మీద శాస్త్రాలు రాసినవాళ్లు, గుర్తొస్తారు. కాశ్మీరంలో, పదకొండో శతాబ్దంలో, మమ్మటుడు. "గతోస్తమర్కః", పొద్దు గుంకింది, అన్న ఒక్క వాక్యం తీసుకుంటాడు. మాటకున్న అర్థం అందరికీ ఒకటే. పశువుల కాపరికి అది ఆవుల్ని తోలుకురమ్మని. అంగట్లో ఉన్నవాడికి సరుకు సర్దుకోమని. సంధ్య వార్చేవాడికి వేళయిందని. ప్రియుడి కోసం చూసే ఆమెకు ఇక వస్తాడని. చెప్పేవాడెవడు, వినేవాడెవడు, ఏ వేళలో అన్నదాన్ని బట్టి ధ్వనించే అర్థం మారుతుందన్నాడు. గమనించండి, ఆ వాక్యంలో పొద్దు గుంకిందన్నది మాత్రం ఎవరికీ మారదు. పొద్దు పొడిచిందని ఎవడైనా వింటే వాడు వినలేదన్నమాట.

వినకపోతే ఏమవుతుందో కూడా ఆ 1969లోనే చూశాం. బీటిల్స్ 1968 ఆల్బమ్‌లో 'హెల్టర్ స్కెల్టర్' అని ఒక పాట. ఆ పేరు ఇంగ్లండ్ తిరునాళ్లలో పిల్లలు సర్రున జారే జారుడుబల్లది. దాంట్లో చార్లెస్ మాన్సన్‌కు రాబోయే జాతియుద్ధం వినిపించింది. వాడి ముఠా చంపినవాళ్ల శవాలున్న ఒక ఇంట్లో ఆ మాట రక్తంతో రాసి ఉంది, అదీ స్పెల్లింగ్ తప్పుతో. దీని గురించి ఇంతకంటే మాట్లాడటం నాకిష్టం లేదు.

నేను మా నాయనమ్మ గురించి చెప్పాలి. హాస్టల్లో ఈ పాట విన్న ఏడాది ఎండాకాలం సెలవులకు క్యాసెట్ ఊరికి తీసుకెళ్లాను. ఆమెకు ఇంగ్లీషు రాదు, తత్వాలు బాగా వచ్చు. వడ్లు చెరుగుతూ, "గదేం పాటరా, ఎవలో ఏడ్చినట్టున్నది?" అంది. కథ చెప్పాను. అలసిన మనిషి, దీపం, ఆడమనిషి, విందు, చావని మృగం, పోనివ్వని తలుపు. చేటలో చెయ్యి ఆగింది. "గది తత్వం గదరా. తొమ్మిది దర్వాజల ఇల్లు. ఆ జంతువు మనసు. ఎన్ని కత్తులు పెట్టినా సావదు" అంది. నాకు ఒళ్లు ఝల్లుమంది. మళ్లీ రెండు చేటలు చెరిగాక తల అడ్డంగా ఊపింది. "ఒక్కటి కుదుర్తలేదు బిడ్డా. తత్వంల చిలుక పంజరం ఇడిసి పోవాలె, పోక తప్పదు. గీ పాటల పోనిస్తలేరు. గట్లెట్లయితది? మల్లొక్కసారి పెట్టు."

మళ్లీ పెట్టాను. చేట పక్కన పెట్టి వింది.

సైతాను అన్నవాళ్లకు, పిచ్చాసుపత్రి అన్నవాళ్లకు అన్నీ కుదిరాయి. 1969 కుదిరింది, గంట కుదిరింది, మసక ఆకారం కుదిరింది. వాళ్లకు పాట మళ్లీ పెట్టాల్సిన అవసరం రాలేదు. నాయనమ్మకు ఒకచోట కుదరలేదు కాబట్టి మళ్లీ వింది.

2024లో న్యూయార్క్ కోర్టులో ఒక కేసు నడిచింది. ఈ ఆల్బమ్ పాటలకు హెన్లీ చేత్తో రాసుకున్న చిత్తుప్రతులు, పసుపురంగు కాగితాలు, ఓ వంద పేజీలు, దొంగసొత్తా కాదా అని. మార్చిలో, విచారణ మధ్యలోనే ప్రభుత్వం కేసు ఎత్తేసింది. ఆ కాగితాల విలువ లక్షల డాలర్లన్నారు. వాటిలో కొట్టివేతలుంటాయి, బాగుచేసిన మాటలుంటాయి. చూడాలని నాకూ ఉంది, కాదనను. అక్కడ అడ్రసు రాసి ఉంటుందని మాత్రం అనుకోను.

ఇంకొక్కటి చెప్పి పాట పెడతాను. మా హాస్టల్ క్యాసెట్‌లో ఉన్నది 1976 పాట కాదు. 1980లో విడిపోయిన బ్యాండ్ 1994లో మళ్లీ కలిసినప్పుడు స్టేజీ మీద వాయించింది. ముందు దరువు, మెత్తటి తీగల గిటార్, జనం ఈలలు. మన దేశంలో నా వయసువాళ్లు చాలామంది విన్నది అదే. అందులో చివర గిటార్లు ఒకచోటికి చేరి టక్కున ఆగుతాయి, చప్పట్లు మోగుతాయి. అంటే మా చెవులకు కథ ముగిసింది. వాడు బయటపడ్డాడో లేదో గానీ మేం బయటపడ్డాం. ఫేర్‌వెల్ పార్టీలో కూడా ఆ పాటే పాడుకున్నాం, వీడ్కోలు పాట అనుకుని! (నవ్వులు)

అసలు రికార్డు విన్నది ఉద్యోగంలో చేరాక. ఫెల్డర్, వాల్ష్ ఒకరి మాట ఒకరు అందుకున్నట్టు వాయిస్తారు. తర్వాత రెండు గిటార్లూ జంటగా ఒకే మెట్లు దిగడం మొదలుపెడతాయి. దిగుతూనే ఉంటాయి. నేను ఆ టక్కు కోసం, చప్పట్ల కోసం ఎదురుచూస్తున్నాను. రాలేదు. వాళ్లు వాయిస్తూనే ఉన్నారు, శబ్దం మాత్రం సన్నబడుతూ పోయింది. వాల్యూమ్ పెంచి స్పీకర్‌కు చెవి ఆనించాను.

బాబూ, మూడో వరస, నువ్వే. ఆ స్విచ్ నీ పక్కనే ఉంది, లైటు ఆర్పు.